చౌడు, సున్నం, చెక్కుబంది

కొత్తచెరువు చుట్టుపక్కల పాత మిద్దె ఇంటిని కొనడానికి వచ్చే పెద్దమనిషి మొదట గోడల వంక చూడడు. నట్టింట్లో నిలబడి తల పైకెత్తుతాడు. దూలానికీ దంతెకూ మధ్య నీటిచార దిగిందేమోనని వెతుకుతాడు. చేతిలో ఉన్నదేదో తీసుకుని దూలాన్ని రెండుచోట్ల తట్టి, చెద పట్టిన డొల్ల చప్పుడు వస్తుందేమో వింటాడు. తర్వాత వంగి గోడ మొదట్లో వేలు పెట్టి రుద్దుతాడు. వేలికి తెల్లగా ఉప్పు అంటితే మాట్లాడడు గానీ, అప్పుడే మనసులో ధర తగ్గించేస్తాడు. పెరట్లో బావి ఉంటే చేద వేయించి ఒక గుక్క నీళ్లు నోట్లో పోసుకుంటాడు. ఇవన్నీ అయ్యాక అరుగు మీద కూర్చుని అడుగుతాడు: "కాగితాలేవీ?"

మిద్దె, నీళ్లు, కాగితం. తక్కువ డబ్బుతో ఇంటిని అమ్మకానికి సిద్ధం చేయడమంటే ఈ కరువు నేలలో తరతరాలుగా ఈ మూడింటికి జవాబు చెప్పగలగడమే. అందులో పెద్ద ఖర్చు అవసరమైనవి తక్కువ. సరైన వేళకు చేయాల్సినవి ఎక్కువ.

ధర్మవరం, పెనుకొండ, బుక్కపట్నం దారులు కలిసేచోట ఉంది కొత్తచెరువు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం నేలలో ఊళ్లు చెరువులను ఆనుకునే పెరిగాయి. ఈ ఊరికి పేరే చెరువు ఇచ్చింది. పక్కనే చిత్రావతి నీళ్లతో నిండే బుక్కపట్నం చెరువు. ఇంకొంచెం దూరంలో, 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న పెనుకొండ. చెరువు పంటకు నీళ్లిచ్చినట్టే ఇంటికి సరంజామా కూడా ఇచ్చింది. గోడకు చెరువు మన్ను, పునాదికి గుట్టరాయి, దూలానికి వేపమాను, కప్పుకు చౌడు. ఇనుప మేకులూ గొళ్లేలూ తప్ప సామాన్యుడి ఇంట్లో దూరం నుంచి రావాల్సినవి పెద్దగా ఉండేవి కావు. బాగుచేయడానికి కావలసినవి కూడా ఊరి పొలిమేరలోనే దొరికేవి కాబట్టి ఇంటి మరమ్మతుకు డబ్బు కంటే మనుషులే ముఖ్యం.

చౌడు సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. రైతుకు అది పగ. చౌడు పట్టిన మడిలో విత్తనం మొలవదు, నీళ్లు పెడితే పైనే నిలుస్తాయి, ఎండితే నేల మీద తెల్లటి పొర కడుతుంది. ఆ మట్టిలో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. ఇక నీరు కిందికి దిగదు. పొలాన్ని పాడుచేసే ఈ గుణమే ఇంటి కప్పుకు ప్రాణం. రాయలసీమ మనిషి పంటకు పనికిరాని ఆ మన్నును తవ్వి మిద్దె మీదికి ఎక్కించాడు. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద చెక్కపేళ్లో బండలో పరిచి, ఆ పైన తడిమట్టి మెత్తి, అన్నిటికీ పైన చౌడు పోస్తారు. తొలి వాన పడగానే ఆ పొర మెత్తబడి తనంతట తానే అతుక్కుంటుంది. ఎండాకాలం బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లగా ఉండేది ఈ మట్టి మందం వల్లే. నడిమింట్లో వెలుగు కోసం కప్పులో ఒక గుండ్రటి కన్నం వదిలేవారు. దాన్నే సీమలో గవాచి అంటారు. వాన వస్తే పిల్లలు మిద్దెక్కి దాని మీద బండ మూసేవారు.

అయితే చౌడు శాశ్వతం కాదు. ప్రతి వానకూ కొంత కొట్టుకుపోతుంది, గాలికి కొంత ఎగిరిపోతుంది, గడ్డి మొలిస్తే వేళ్ల వెంట నీళ్లు దిగుతాయి. అందుకే రోహిణి ఎండల్లో, మృగశిర కార్తె రాకముందే, మిద్దెక్కే పని మొదలయ్యేది. గడ్డి పీకి, ఎలుక బొక్కలు పూడ్చి, పాత చౌడు గీకి సమం చేసి, దోనె వైపు వాలు సరిచూసి, కొత్త చౌడు చల్లి దిమ్మిసతో కొట్టేవారు. గాడిదల మీద గోతాల్లో చౌడు వచ్చేది. బట్టలు ఉతకడానికి ఇదే చౌడును రజకులు వాడేవారు కాబట్టి ఏ దిబ్బలో ఘాటైన చౌడు ఉందో వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలిసేది కాదు.

ఈ పనిలో ఉప్పరుల పాత్ర కూడా పెద్దది. పేరులోనే ఉన్నట్టు వాళ్ల పాత వృత్తి ఉప్పు తయారీ. ఉప్పు మన్నును నీళ్లలో కలిపి, ఆ నీటిని ఎండబెట్టి మట్టి ఉప్పు తీసేవారు. ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టుకుంది. ఆ తర్వాత కాలంలో లోపలి జిల్లాల మట్టి ఉప్పు కూడా సర్కారు కంట్లో నేరంగా మారింది. బతుకుతెరువు పోయినవాళ్లు చెరువు కట్టల పనికీ, మట్టి గోడల పనికీ, సున్నం పనికీ మళ్లారు. సీమలో మట్టి ఇల్లు నిలబడిన చోటల్లా వాళ్ల చేతి పని ఉంది, రాయి కొట్టిన వడ్డెరల చెమట ఉంది. ఇళ్ల చరిత్ర రాసేటప్పుడు కట్టించినవాడి పేరు రాస్తాం. కట్టినవాళ్లను కులం పేరుతో కలిపి ఒక మాటలో దాటేస్తాం. ఇది సరిదిద్దుకోవాల్సిన తప్పు.

ఇల్లు అమ్మదలచిన కుటుంబం వానలకు ముందే అమ్మేట్టయితే చౌడు వేయించి చూపాలి. వానలు అయ్యాక అమ్మితే అడగాల్సిన పనే లేదు, కప్పు తన సంగతి తానే చెబుతుంది. కొనేవాడికి కార్తీకంలో చూసిన ఇల్లు చైత్రంలో చూసిన ఇంటి కంటే నమ్మకమైనది.

కప్పు తర్వాత సున్నం. ఏటా ఉగాదికో దసరాకో సున్నం కొట్టడం ఇక్కడ పండగలో భాగం. అమ్మకానికి ముందు కొట్టే సున్నం కూడా అదే సున్నం. కాకపోతే ఒక పూత అదనంగా వేస్తారు. బట్టీలో కాల్చిన సున్నపురాయి గడ్డలు తెచ్చి పెద్ద బానలో వేసి నీళ్లు పోస్తారు. కాసేపు ఏమీ జరగదు. తర్వాత గడ్డ చిటుక్కున పగులుతుంది, బుడగలు లేస్తాయి, బాన కుతకుత ఉడుకుతుంది, ఆవిరి మొహానికి కొడుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు, కంట్లో పడితే చూపు పోతుంది. రెండు మూడు రోజులు నానిన ఆ వెన్నలాంటి ముద్దను పలచన చేసి, పాత పంచెలో వడగట్టి, పట్టు కోసం గంజి, కాస్త ఉప్పు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలుపుతారు. ఈతమట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసుకుంటారు. పూసినప్పుడు గోడ బూడిదరంగులో దిగులుగా కనిపిస్తుంది. మరుసటి రోజుకు తెల్లబడుతుంది. గోడ మీది తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నిదానంగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి తెచ్చుకుంటుంది. క్షారగుణం వల్ల పురుగూ బూజూ దరిచేరవు. మట్టిగోడలోని తడి బయటికి పోవడానికి దారి ఉంటుంది. ఇంత పని చేసే రంగు ఇంత చవకగా మరొకటి దొరకదు.

గోడ అడుగున మోకాలెత్తున ఎర్రమన్ను పట్టీ తీసేవారు. అది అందం కోసమే అనుకుంటే పొరపాటు. వాన చినుకులు నేల మీద పడి ఎగజిమ్మే బురద మరకలు ఆ ఎరుపులో కలిసిపోతాయి. అక్కడి పూత పోతే అంతవరకే మళ్లీ పూసుకోవచ్చు, గోడంతా ముట్టనక్కర్లేదు. లోపల నేల పేడతో అలికి, గడపకు పసుపు పూసి, వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు వేస్తే ఇల్లు చూపడానికి సిద్ధం. ఈ పనులన్నీ ఆడవాళ్లవి. తెల్లవారకముందే కసువు ఊడ్చి, అలికి, నిత్యం ఇంటిని నిలబెట్టినవాళ్లు వాళ్లు. అమ్మకం నాడు ధర మాట్లాడే అరుగు మీద మాత్రం వాళ్లకు చోటుండేది కాదు. దస్తావేజుల్లోనూ చాలాకాలం వాళ్ల పేర్లు అరుదు. అనంతపురంలో 1969లో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పేదలకు కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేరుమీద రాయించడం ఆ లోటు తెలిసి చేసిన పని.

ధర్మవరం వైపు నేతగాళ్ల ఇళ్లది వేరే లెక్క. అక్కడ మగ్గం గుంత ఉంటుంది. నేతగాడు కాళ్లు కిందికి వేలాడేసి తొక్కుడు చెక్కలు తొక్కే ఆ గుంత, మరో నేతగాడు కొనడానికి వస్తే ఇంటికి అదనపు విలువ. వేరే పనివాడు వస్తే పూడ్చాల్సిన గొయ్యి. కాబట్టి అమ్మేవాడు కొనేవాడెవరో తెలిసేదాకా గుంత జోలికి పోకపోవడం తెలివైన పని.

ఇక కాగితం. ఒక యాదృచ్ఛికం ఇక్కడ చెప్పుకోదగ్గది. బళ్లారి నుంచి విడదీసి అనంతపురాన్ని జిల్లాగా చేసింది 1882లో. దేశంలో ఆస్తి బదలాయింపు చట్టం వచ్చిందీ అదే సంవత్సరం. వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి అని ఆ చట్టం చెప్పింది. వందలోపు అయితే ఆస్తిని చేతికి అప్పగిస్తే చాలు. పల్లెటూరి మట్టి ఇళ్లలో చాలా వాటి విలువ ఆ రోజుల్లో ఆ గీతకు కిందే ఉండేది. సాక్షుల ఎదుట తాళంచెవి చేతులు మారితే ఇల్లు చేతులు మారినట్టే. ఆ ముత్తాతల నాటి అప్పగింతకు కాగితం లేకపోవడమే ఇవాళ మునిమనవళ్లకు చిక్కు.

రాసుకున్న దస్తావేజుల భాష చదివితే ఒళ్లు పులకరిస్తుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అని ఎనిమిది భోగాలతో సహా ఆస్తిని ధారపోయడం విజయనగర కాలపు దానశాసనాల పద్ధతి. రాగిరేకుల మీది ఆ వరుసే స్టాంపు కాగితాల మీదికి దిగి, రైటర్ల చేతిలో నూరేళ్లకు పైగా బతికింది. పాతిపెట్టిన నిధి సంగతి దేవుడెరుగు, రెండు గదుల మిద్దె అమ్మినా ఆ ఎనిమిది హక్కులూ రాసేవారు. తర్వాత చెక్కుబంది: తూర్పున ఎవరి గోడ, పడమట ఏ రస్తా, ఉత్తరాన ఎవరి ఖాళీ జాగా, దక్షిణాన ఏ సందు. ఊరి నడుమ గ్రామకంఠంలో ఇంటింటికీ సర్వే నంబరు ఉండదు కాబట్టి ఈ నాలుగు దిక్కులే ఇంటి గుర్తు. ఇరుగుపొరుగు ఒప్పుకుంటేనే హద్దు నిలుస్తుంది. ఇల్లు అమ్మేముందు పక్కింటివాళ్లతో తగాదా తీర్చుకోమని పెద్దలు చెప్పింది ఊరికే కాదు. దస్తావేజులో దూలాలు, దంతెలు, వాకిళ్లు, తలుపులు సహా అని విడిగా రాయించుకునేవారు. కలప అంత విలువైనది కాబట్టి, రాయకపోతే అమ్మినవాడు తలవాకిలి ఊడదీసుకుని పోగలడు.

ఆ మాట వెనక కరువు జ్ఞాపకం ఉంది. 1876–78 నాటి మహా కరువును జనం ధాతు కరువు అన్నారు. ఆ కరువు బళ్లారి జిల్లాను, అంటే అప్పటికి అందులోనే ఉన్న అనంతపురం ప్రాంతాన్ని, తీవ్రంగా దెబ్బతీసింది. 1881 జనగణన నాటికి ఇక్కడ జనసంఖ్య తగ్గిపోయింది. అలాంటి కరువుల్లో మొదట పశువులు పోతాయి, తర్వాత ఇత్తడి సామాను, ఆ తర్వాత తలుపులూ దూలాలూ. కప్పు ఊడదీసిన మిద్దె రెండు వానలకు మట్టిదిబ్బ అవుతుంది. ఇంటిని ముక్కలుగా అమ్ముకోవాల్సి రావడం కంటే నిలువుగా అమ్ముకోగలగడం అదృష్టమని భావించిన తరాలు ఈ నేల మీద ఉన్నాయి.

కాగితాల లోకం నూరేళ్లు కరణం చేతిలో ఉండి, 1984 జనవరిలో ఎన్‌టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేయడంతో మారింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. 1998లో కార్డ్ పథకంతో రిజిస్ట్రార్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాక, చేత్తో పెద్ద పుస్తకాల్లోకి దస్తావేజులు ఎక్కించే పద్ధతి ఆగింది. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం కింద గ్రామాల నివాస స్థలాలను డ్రోన్లతో కొలిపించి ఆస్తి కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక్క సంగతి మాత్రం ఏ సున్నమూ కప్పిపుచ్చలేదు. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూములు అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. పట్టా ఏ రకందో చూసుకోకుండా బయానా తీసుకున్నవాళ్లూ ఇచ్చినవాళ్లూ కోర్టుల చుట్టూ తిరిగి అలసిపోయారు.

కొత్తచెరువు ఇళ్ల జాతకం మారింది పక్క ఊరి వల్ల. పుట్టపర్తిలో 1950 నవంబరు 23న సత్యసాయి బాబా ఆశ్రమం ప్రశాంతి నిలయం ప్రారంభమైంది. 1990లో విమానాశ్రయం, 1991లో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి వచ్చాయి. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు మంచినీటి పథకం జిల్లాలో వందల ఊళ్లకు నీళ్లు చేర్చింది. కొనేవాడి గుక్కెడు నీళ్ల పరీక్షకు అంతకాలంగా ఉప్పునీళ్లే జవాబైన ఊళ్లలో ఆ కుళాయి ఇంటి విలువనే మార్చింది. 2000లో ప్రశాంతి నిలయం రైల్వే స్టేషను తెరుచుకుంది, అదీ కొత్తచెరువు దాపున. దేశదేశాల భక్తులు అద్దెకు గదులు వెతుక్కుంటూ వస్తుంటే, మట్టి మిద్దెలు పడగొట్టి ఆర్‌సీసీ స్లాబులు పోసే ఊపు ఆ దారి పొడవునా కనిపించింది. 2011 ఏప్రిల్ 24న బాబా నిర్యాణం తర్వాత పుట్టపర్తిలో గిరాకీ పడిపోయింది, అమ్మకానికి బోర్డులు వెలిశాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైంది. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. మళ్లీ స్థలాల మాట, ఇళ్ల మాట మొదలైంది.

ఈ మార్పుల నడుమ సున్నం వెనక్కిపోయింది. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం గీసిన గట్టు, రంగు డబ్బా పట్టుకున్న ఆ కొంటె పిల్లాడు, పల్లెటూరి దుకాణం దాకా వచ్చాడు. డిస్టెంపరు, స్నోసెం, ఆపైన ఎమల్షన్ వచ్చాయి. కాంక్రీటు గోడకు అవి మంచివే. చిక్కల్లా మట్టిగోడతో. ఇల్లు అమ్మే తొందరలో పాత మట్టిగోడకు సిమెంటు పూత వేయించి పైన రంగు కొట్టిస్తున్నారు. చూసిన రోజు అద్దంలా ఉంటుంది. నేలలోంచి ఎక్కిన తడికి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే పేరుకుంటుంది, రెండో మూడో ఏడు పూత పెచ్చులు పెచ్చులుగా మట్టితో సహా ఊడిపడుతుంది. పాత కప్పు మీద సిమెంటు కాంక్రీటు వేయించడం ఇంకా ప్రమాదం. వందేళ్ల దూలం మోయలేని బరువు అది. అమ్మేవాడికి ఖర్చు, కొన్నవాడికి నష్టం.

ఇంటిని అమ్మకానికి ముస్తాబు చేయడం అమెరికాలో ఒక వృత్తే అయింది. సియాటిల్‌కు చెందిన ఇళ్ల ఏజెంటు బార్బ్ ష్వార్జ్ 1970లలో దానికి 'హోమ్ స్టేజింగ్' అని పేరు పెట్టి ప్రచారం చేశారు. నాటకరంగం నుంచి తెచ్చుకున్న మాట అది. సామాను తగ్గించు, గోడలు తేటగా ఉంచు, వెలుగు రానివ్వు అనేవి ఆ వృత్తి సూత్రాలు. వాటిని కొత్తచెరువు అవ్వలకు చెబితే ఉగాదికి మేం చేసే పనేగా అంటారు. తేడా ఒకటుంది. అక్కడ ముస్తాబు చూపు కోసం. ఇక్కడ సున్నమూ చౌడూ అలుకుడూ ఇంటి ఆయుష్షు కోసం. ఏటా జరిగే ఆ పనులు జరిగిన ఇంటికి అమ్మకం ముందు కొత్తగా చేయాల్సింది స్వల్పం.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు రిజిస్టరు చేయించడానికి స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి విలువలో 7.5 శాతం దాకా అవుతుంది. దాంతో పోలిస్తే మట్టి ఇంటికి రెండు పూతల సున్నం, ఒక వరుస చౌడు ఖర్చు చాలా చిన్నది. పాత మిద్దెను అమ్మాలనుకునేవాళ్లు ముందు ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు ట్రంకుపెట్టెలోంచి తీసి ఎండలో ఆరబెట్టండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. చెక్కుబందిలో ఉన్న నాలుగు పేర్లు ఇప్పటికీ సరిగ్గా ఉన్నాయో లేదో పక్కిళ్లకు వెళ్లి అడగండి. గోడకు సిమెంటు మాట ఎత్తిన మేస్త్రీకి వద్దని చెప్పండి. మృగశిర రాకముందే ఒకసారి మిద్దెక్కి చూడండి. మీ ఊళ్లో చౌడు వేయడం తెలిసిన ముసలాయన ఎవరైనా మిగిలి ఉంటే ఆయన్ని పిలవండి, పని నేర్చుకునే కుర్రాడిని పక్కన నిలబెట్టండి, ఇద్దరికీ కూలి ఇవ్వండి.